రక్తాన్ని ఆపే హక్కు

అనంతపురం జిల్లాలో వానలు మొహం చాటేసిన ఏడాది, చర్చిలోనైనా భజన మందిరంలోనైనా ఒకే ఉపమానం వినబడుతుంది. దేవుడు వైద్యుడు, మన మేలు కోసమే గట్టిగా కట్టు కట్టి రక్తం ఆపుతున్నాడు, ప్రాణం నిలవడానికే ఈ నొప్పి అంటారు. ఈ మాట చెప్పే పాస్టర్లలో నాకు తెలిసినవాళ్లు ఉన్నారు, మంచివాళ్లు. అయినా విన్న ప్రతిసారీ నా మనసు ఒప్పుకోదు. రక్తం ఆపే కట్టు నా ఉద్యోగం. ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా సర్వీసంతా టోర్నికెట్ కట్టాను, దాని టైము చూశాను, విప్పాను. దాన్ని తీసుకుపోయి దేవుడి చేతికి ఇచ్చేముందు ఆ పని ఎట్లా జరుగుతుందో చెప్పాలని నా కోరిక.

కొడవలి తగిలి వేళ్ల నరాలు తెగిన కూలీ మనిషిని టేబుల్ మీద పడుకోబెట్టామనుకోండి. మా పక్క నరం అనేది చాలాసార్లు వేలిని వంచే తెల్లటి కండరపు కొసనే. ముందు జబ్బకు దూది చుడతాం, ఒక్క మడత లేకుండా. మడత ఉన్నచోట చర్మం నలుగుతుంది. దూది మీద గాలి కఫ్ వేస్తాం. చూడటానికి బీపీ పట్టీ లాంటిదే, ఇంకా గట్టిది. బెటడిన్ పూసేటప్పుడు ఒక్క చుక్క కఫ్ కిందికి జారకూడదు. తడిసిన దూదీ పైనున్న ఒత్తిడీ కలిస్తే చర్మం కాలినట్టు పొక్కుతుంది. తర్వాత చేయి పైకెత్తి, వేళ్ల కొసల నుంచి రబ్బరు పట్టీ బిగించి చుట్టుకుంటూ పైకి వస్తాం. చేతిలో ఉన్న రక్తం గుండె వైపు వెళ్లిపోతుంది. జర్మనీ సైనిక వైద్యుడు ఎస్మార్క్ 1873లో చెప్పిన పద్ధతి ఇది, పట్టీకి ఇప్పటికీ ఆయన పేరే. చీము పట్టిన చేతికి దీన్ని చుట్టం, పిండితే ఆ చెడు ఒళ్లంతా పాకుతుంది. చుట్టడం అయ్యాక కఫ్‌లో గాలి నింపుతారు. చేతికైతే పాదరసం లెక్కన 250 మిల్లీమీటర్ల దాకా, తొడకైతే 300 లేదా కాస్త పైన, మనిషి బీపీని బట్టి. రబ్బరు విప్పితే చేయి మైనం రంగులో ఉంటుంది.

ఆ క్షణంలో గోడ గడియారం చూసి అందరికీ వినబడేలా చెప్పాలి: "టోర్నికెట్ ఆన్, పది ఇరవై." బోర్డు మీద రాయాలి. గంట అయినప్పుడు మళ్లీ చెప్పాలి, ఆ తర్వాత ఇంకా దగ్గర దగ్గరగా చెప్పాలి. సర్జను ఎంత పెద్దవాడైనా, పనిలో ఎంత మునిగి ఉన్నా, నర్సు నోరు మూసుకోకూడదు. రెండు గంటలు దాటనివ్వం. పని మిగిలితే గాలి తీసి, పది పదిహేను నిమిషాలు చేతికి రక్తం తిరగనిచ్చి, మళ్లీ నింపుతాం. ఆ హద్దు దాటితే కండరం చావడం మొదలవుతుంది, నరాలు దెబ్బతింటాయి, కుట్టిన వేలు కుట్టినట్టే ఉండి కదలకుండా పోవచ్చు.

ఒక సంగతి మరిచిపోకూడదు. ఇక్కడ రక్తం ఆపేది ప్రాణం నిలపడానికి కాదు. రక్తం ఊరుతూ ఉంటే సర్జనుకు ఏది నరమో ఏది రక్తనాళమో కనబడదు. ఆ చెయ్యి బాగుపడటానికే ఆ చేతికి రక్తం ఆపుతున్నాం. ఇంకొకరి సుఖం కోసం కాదు, మిగతా ఒంటి కోసం కూడా కాదు.

చేయో కాలో మాత్రమే మొద్దుబార్చి, మనిషిని మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్లలో ఒకటి చూశాను. కత్తి తెలియదు, సూది తెలియదు. కానీ ముప్పావు గంట, గంట అయ్యేసరికి కఫ్ కింద ఏదో లాగడం మొదలవుతుంది. "సిస్టరమ్మా, కాలు గుంజుతాండాది, యాడో తెలీదు, గుంజుతాండాది" అంటారు. మత్తు డాక్టరు మోనిటర్ చూస్తే బీపీ పెరుగుతూ ఉంటుంది. మందుకు లొంగని మూలుగు అది. "ఇంకా ఇంతసేపు" అని నేను చెబితే ఓర్చుకునేవాళ్లు. ఎంతసేపో చెప్పకపోతే ఒక్కరూ ఓర్చుకోలేదు.

ఇక గాలి తీసే ఘడియ. నా దృష్టిలో థియేటర్ మొత్తంలో అంతకంటే పెద్ద ఘట్టం లేదు. మైనం రంగు చేయి ఒక్కసారిగా ఎర్రబారుతుంది. అంతసేపు రక్తం లేని కండరంలో పులిసిన ఆమ్లమూ, పొటాషియమూ, బొగ్గుపులుసు వాయువూ అన్నీ గుండెకు తిరిగి వస్తాయి. మోనిటర్ మీద కార్బన్ డయాక్సైడ్ గీత పైకి లేస్తుంది, బీపీ పడుతుంది. ఊపిరితిత్తులు ఎక్కువ పని చేయాలి, గుండె ఎక్కువ కొట్టుకోవాలి. మత్తు డాక్టరు ముందే సెలైన్ పెంచి కాచుకొని ఉంటాడు. ఒక అవయవం మోసింది ఇప్పుడు ఒళ్లంతా పంచుకుంటుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో, ఒక అవయవం బాధపడితే అవయవాలన్నీ దానితో బాధపడతాయనే అర్థం వచ్చే మాట ఉంది. గుత్తి దగ్గర ఊర్లో ఉపదేశిగా ఉన్న మా నాయన దాన్ని ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. అది దయ గురించిన హితబోధ అనుకునేదాన్ని. థియేటర్లో అది ఒంటి లెక్క అని తెలిసింది. ఒళ్లు ఆ బాకీ తీర్చి తీరుతుంది. తీర్చడానికి సిద్ధంగా లేకపోతే కఫ్ కట్టనే కూడదు.

ప్రాణం కోసం కట్టే కట్టు వేరు. శెనక్కాయలు వలిచే మిషన్లో చేయి పడిన పిల్లవాడిని బెళుగుప్ప వైపు నుంచి తెచ్చారు. మోచేతి కింద ఏమీ మిగల్లేదు. వాళ్లన్న భుజం మీది టవల్ తీసి మోచేతికి పైన రెండు చుట్లు చుట్టి, మిషన్ దగ్గరున్న స్పానర్ దూర్చి, రక్తం ఆగేదాకా మెలిపెట్టాడు. 108లో వచ్చిన అబ్బాయి తమ్ముడి నుదుటి మీద పెన్నుతో టైము రాశాడు. స్పానర్ మాత్రం అన్న వదల్లేదు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ లోపలిదాకా వచ్చాడు. "ఇడిస్తే నా తమ్ముడు పోతాడు మేడమ్" అన్నాడు. కట్టు బిగించి టేపు వేశామని చూపించాక కూడా వేళ్లు తెరుచుకోలేదు, బిగుసుకుపోయాయి. నేను ఒక్కొక్కటే విప్పాను. చెయ్యి పోయింది, తమ్ముడు బతికాడు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో సైనిక వైద్యులు గట్టిగా చెప్పింది ఇదే: రక్తం చిమ్ముతున్నప్పుడు, మనిషి చల్లబడకముందే కడితే బతుకుతాడు. అంతకుముందు చాలాకాలం చేయి పోతుందన్న భయంతో టోర్నికెట్‌ను ఆఖరి దారిగా చూసేవారు. ఆ భయం వల్ల పోయిన ప్రాణాలు తక్కువ కావు.

అయితే మా జిల్లాలో తాడు ఎక్కువగా పడేది ఇలాంటి చోట కాదు. పాము కాటు మీద.

తొలకరిలో విత్తనం వేసేటప్పుడు, శెనక్కాయ చెట్టు పీకేటప్పుడు, వామి వేసేటప్పుడు, గట్టు మీద చెయ్యి పెట్టేచోట రక్తపింజర ఉంటుంది, రాళ్లలో చిన్న పింజర ఉంటుంది. నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరుస్తుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని, 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఎక్కువ చావులున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చావుల్లో సగం జూన్, సెప్టెంబరు మధ్యనే. అంటే సేద్యం చేసే నెలల్లో.

నాకు క్యాజువాలిటీ డ్యూటీ ఉన్నప్పుడు ధర్మవరం వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. చీలమండ దగ్గర మంత్రించిన దారం, మోకాలి కింద నులక తాడు, తొడకు చీరకొంగు చింపిన గుడ్డ. మూడూ మాంసంలోకి దిగబడి ఉన్నాయి. పాదం నల్లబడి నిగనిగలాడుతోంది. ఆత్రంలో కత్తెర తీసిన అటెండరును డాక్టరు ఆపాడు. బిగించిన తాడును ఒక్కసారి కోస్తే కింద నిలిచిన విషమంతా ఒక్కసారి పైకి పోతుంది, బీపీ పడిపోవచ్చు, ఊపిరి ఆగవచ్చు. ముందు సెలైన్ పెట్టాం, పాము మందు పది వయల్స్ కలిపి సిద్ధం చేసుకున్నాం. తాడుకు పైన బీపీ కఫ్ వేసి గాలి నింపి, అప్పుడు తాడు కోసి, కఫ్ గాలిని కొంచెం కొంచెంగా వదిలాం. ఇంకో పక్క శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టాను. వంచి చూస్తే నీళ్లలా జారింది. గడ్డ కట్టే గుణమే పోయింది.

పింజర విషం పడినచోట కండను కుళ్లబెడుతుంది. తాడు బిగిస్తే ఆ విషాన్ని అక్కడే కూడబెట్టి, ఆ కండకు రక్తం కూడా లేకుండా చేసినట్టు. పోనీ ఒంట్లోకి పోకుండా ఆగుతుందా అంటే అదీ నమ్మకం లేదు. ఇక్కడ చిమ్మే రక్తం లేదు, ఆపడానికి. బాధ ఉంది, దానితో వచ్చిన మేలు లేదు.

ఆయన బతికాడు. రెండు వేళ్లు పోయాయి, పాదం మీద చర్మం తెచ్చి వేయాల్సి వచ్చింది. ఆయన భార్య వరండాలో నన్ను అడిగింది: "నేను కట్టకుండా ఉండాల్సిందా సిస్టరమ్మా? ఊరికే సూస్తా ఎట్ల కూకునేది?" తాడు ఎప్పుడు కట్టావమ్మా అని డాక్టరు అంతకుముందు అడిగితే, "సాయంత్రం బస్సు పోయినంక, పాలు పిండక ముందు" అని తడుముకోకుండా చెప్పిన మనిషి ఆమె. ఆ మాటతోనే మేము కాలికి ఎంతసేపు రక్తం లేదో లెక్క కట్టుకున్నాం. దారం కట్టిన మంత్రగాడు ఆసుపత్రికి రాలేదు, ఎప్పుడు కట్టాడో ఎవరికీ తెలియదు. నేను ఆమెకు చెప్పింది ఇది: "తాడు కాటుకు పనికిరాదమ్మా, ఇంకెవరికీ కట్టనీయొద్దు. కానీ నువ్వు వచ్చినావు, టైము చెప్పినావు. దాంతోనే మేము పని చేసినాం." ఆమె ప్రేమలో తప్పు లేదు. ప్రేమ ఉంటే చాలు, కట్టు మేలు చేస్తుందని మాత్రం చెప్పలేను.

ఆ తాడు నిన్నా మొన్నా పుట్టింది కాదు. సుశ్రుతుడి సంహిత కల్పస్థానంలో, కాటుకు నాలుగు అంగుళాల పైన గుడ్డతోనో తోలుతోనో నారతోనో కట్టమని ఉంది. మంత్రంతో కట్టడం మేలనీ ఉంది. వేరే మందు లేని కాలంలో, చేతనైన ప్రతిదీ ఆలోచించిన గొప్ప వైద్యుడి మాట అది. ఆయన మీద నాకు గౌరవం ఉంది. గుర్రాల రక్తం నుంచి తీసిన విరుగుడు మన దగ్గర ఉన్న కాలంలో ఆ తాడు ఇంకా ఎందుకు బిగుస్తోంది అంటే, అది నమ్మకంగా మారింది కాబట్టి. బైబిలులోనూ ఇలాంటి కథ ఉంది. ఎడారిలో పాములు కరిచినప్పుడు మోషే ఇత్తడి సర్పాన్ని చేసి నిలబెట్టాడు, దాన్ని చూసినవాళ్లు బతికారు. కొన్ని వందల ఏళ్లకు జనం దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. మోషే చేసినదని ఉంచలేదు. మా అవ్వ చవితినాడు చెల్లెళ్లతో కలిసి నాగులకట్ట దగ్గరికి పోయేది, మా నాయన ఆదివారం ఈ ఇత్తడి సర్పం కథ చెప్పేవాడు. ఇద్దరి భక్తినీ నేను ప్రేమిస్తాను. కాటు పడితే మాత్రం ఇద్దరినీ ఆసుపత్రికే తీసుకుపోయేదాన్ని.

ఇంతకీ ప్రశ్న ఇది. ఒళ్లు నిలవడానికి ఒక అవయవాన్ని బాధపెట్టే హక్కు ఎవరికి, ఎప్పుడు ఉంటుంది? ఈ లెక్క అన్ని మతాలకూ పాతదే. దుర్యోధనుడు పుట్టినప్పుడు విదురుడు, కులం కోసం ఒక్కణ్ణి, ఊరి కోసం కులాన్ని, దేశం కోసం ఊరిని వదులుకోవాలని ధృతరాష్ట్రుడికి చెప్పాడు. జనమంతా నశించేకంటే ఒక మనిషి చావడం మేలని ప్రధాన యాజకుడు కయప యేసు గురించి అన్నాడు. రెండూ ఒకే తూకం. రెండింటిలోనూ నిజం కొంత ఉంది, మోచేతికి టవల్ మెలిపెట్టిన అన్న చేసింది అదే కదా. కానీ విదురుడి మాట అక్కడితో ఆగలేదు. ఆఖరున, ఆత్మ కోసం భూమినంతా వదులుకోమన్నాడు. మెట్లు ఎక్కుతూ పోయి చివరికి మళ్లీ ఒక్కడి దగ్గరికే వచ్చాడు. తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్క గొర్రె కోసం వెతుక్కుంటూ పోయిన కాపరి కథా అంతే. త్యాగం చేయమని ఊళ్లకు చెప్పేవాళ్లు ఆ సగమే చెప్పి, ఈ సగం వదిలేస్తారు.

మా నేల మీద ఆ సగం లెక్క ఎలా పనిచేసిందో చరిత్రలో ఉంది. 1876లో మొదలైన ధాత కరువులో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ సర్కారు ఖర్చు తగ్గించడానికి కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకూలి ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణాగా తగ్గించాడు. సామ్రాజ్యం ఖజానా నిలవాలి, ఇక్కడి కూలీ ఓర్చుకోవాలి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఆ తిండితో కష్టం చేసే ఒళ్లు నిలవదని వాదిస్తూనే పోయాడు. 1877లో కూలి కొంత పెంచారు. అప్పటికే పోయినవాళ్లు పోయారు. టెంపుల్‌కు కారణం లేక కాదు, ఉంది. బిగించినచోట కూర్చొని కాలు రంగు చూసే మనిషి ఆయన కాదు, అంతే. చూసినవాడు కార్నిష్.

ఇప్పుడు దేవుడి సంగతి. ఈ కరువు దేవుడి కట్టు అని ఎవరైనా చెబితే నేను నర్సుగా అడగాల్సినవి అడుగుతాను. ఏ రక్తం చిమ్ముతోంది, దేన్ని ఆపుతున్నాడు? ఎప్పుడు కట్టాడు, ఎంతసేపు? వరసగా మూడేళ్లు పంట పోయి, బోరు ఎండి, భర్తను పోగొట్టుకొని, పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి బెంగళూరు బస్సు ఎక్కిన ఆడమనిషికి ఏ ఒంటిని నిలపడం కోసం ఈ బిగింపు? జవాబు లేనప్పుడు ఆ ఉపమానం చెప్పకూడదు. అది ఓదార్పు కాదు. చీలమండకు దారం కట్టి ఇంటికి పోయినవాడు చేసే పని.

నేను విశ్వాసిని. దేవుడు బాధలో ఏమీ చేయడని అనను. కానీ సిలువ వైపు చూసినప్పుడు నాకు క్రీస్తు కట్టు కట్టినవాడిగా కనబడడు. కయప లెక్కలో రక్తం ఆపబడిన అవయవం ఆయనే. ఊరి బయట, దాహంతో, ఇంకా ఎంతసేపో ఎవరూ చెప్పని చోట ఉన్నాడు. నా దేవుడు ఏ పక్క ఉన్నాడని అడిగితే తాడుకు కింద ఉన్నాడంటాను. కర్మ సిద్ధాంతం నమ్మే నా స్నేహితురాలు, రిటైరైన తెలుగు టీచరు, దీనికి ఇంకో మాట అంది. కర్మ అనేది నా కష్టం గురించి నేను చెప్పుకోవాల్సిన మాట, ఎదుటివాడి కష్టం మీద వేయాల్సిన మాట కాదంది. ఆ మాట కూడా నాకు నచ్చింది. మా ఇద్దరికీ దేవుడి విషయంలో తేడాలున్నాయి, ఇందులో మాత్రం లేదు.

అందుకని ఈమధ్య కోత ఆరాధనలకు నన్ను పిలిస్తే వాక్యం చెప్పను, కట్టు గురించి చెబుతాను. పాము కరిస్తే కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు తీసేయండి. ఎముక విరిగినప్పుడు చేసినట్టు కట్టె పెట్టి కాలు కదలకుండా చూడండి, నడిపించొద్దు, 108కి ఫోన్ చేయండి. ఎవరైనా అప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో విప్పకుండా ఆసుపత్రికి తెండి. మిషన్లో పడి రక్తం చిమ్మితే ముందు గుడ్డతో బలంగా అదమండి. ఆగకపోతే గాయానికి పైన, కీలు మీద కాకుండా, వెడల్పు గుడ్డతో కట్టి మెలిపెట్టండి, టైము చూడండి, పక్కనుంచి కదలొద్దు. పోయినసారి రాప్తాడు దగ్గర ఒక ఊర్లో ఆ టైము ఆసుపత్రిలో ఎవరికి చెప్పాలని అడిగారు. మొదట కనబడిన సిస్టరుకు చెప్పండి, ఆమె కాగితం మీద రాసుకునేదాకా అక్కడే నిలబడండి అన్నాను.